పాత కారు ఇగ్నిషన్ కాయిల్: లోపం ఎక్కడుందో తేల్చుకోవడం ఎలా?



ఈసారి పాఠం ఒక చిన్న యంత్రభాగం గురించి. పెట్రోలుతో నడిచే పాత కార్లలో అరచేతిలో పట్టేంత డబ్బా ఒకటి ఉంటుంది. దాన్నే ఇగ్నిషన్ కాయిల్ అంటారు. నేను మెకానిక్‌ను కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి. అయినా ఈ పాఠం నేనే రాయడానికి కారణం ఉంది. ఈ డబ్బాలో వచ్చిన లోపాన్ని సరిగా తెలుసుకోక, ఒకప్పుడు ఒక మనిషి మీద లేనిపోని నింద వేశాను. ఆ సంగతి దాచకుండా చెబితే పిల్లలకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు చదివేవారికి ఇది వృత్తి పాఠం. పదవ తరగతిలో విద్యుదయస్కాంత ప్రేరణ చదివేవారికి ఇది పుస్తకంలోని సూత్రం బండిలో పనిచేసే తీరు. కామర్స్ చదివేవారికి కూడా ఇందులో ఒక ముఖ్యమైన మాట ఉంది. అది చివర్లో వస్తుంది.

జరిగిన సంగతి

1998 ఎండాకాలం. నా దగ్గర పాత ప్రీమియర్ పద్మిని కారు ఉండేది. ఏటపల్లి నుంచి ఆలాపల్లికి అడవి దారిలో వెళ్ళి, అక్కడి నుంచి అహేరి వైపో, సిరొంచ వైపో, గడ్చిరోలి వైపో పోవాలి. ఇంట్లో పెద్దవాళ్ళను ఆసుపత్రికి తీసుకువెళ్ళాలన్నా ఆ దారే. నాకు డ్యూటీ ఉన్న రోజుల్లో మా పేటలోని ఒక యువకుడు బండి నడిపేవాడు.

ఆ మే నెలలో బండి దారిలో ఆగిపోవడం మొదలైంది. బయలుదేరేటప్పుడు ఒక్క తాళం తిప్పుకే స్టార్టయ్యేది. అరగంట, ముప్పావుగంట నడిచాక ఉన్నట్టుండి ఇంజన్ ఆగేది. ఎంత తిప్పినా లేచేది కాదు. చెట్టు నీడలో అరగంట నిలబెడితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది.

షాపులో చూపించాను. మొదటిసారి కార్బొరేటర్ విప్పి కడిగారు. రెండోసారి నాలుగు ప్లగ్గులూ మార్చారు. మూడోసారి బ్యాటరీ మార్చమన్నారు, మార్చాను. కాయిల్‌ను కూడా మీటరు పెట్టి చూసి బాగానే ఉందన్నారు. రెండు వేల పైచిలుకు ఖర్చయింది. బండి ఆగడం మాత్రం ఆగలేదు. అప్పుడు ఎవరో "పెట్రోలులో కిరోసిన్ కలుస్తున్నట్టుంది" అన్నారు. నా మనసు వెంటనే డ్రైవర్ మీదికి పోయింది. పెట్రోలు తీసి అమ్ముకుని కిరోసిన్ పోస్తున్నాడేమో అనుకున్నాను. చూసింది లేదు, కొలిచింది లేదు. రేపటి నుంచి రావద్దని చెప్పేశాను.

అతడు వాదించలేదు. ఒక్కమాట అన్నాడు: "సార్, నేను నడిపినా మీరు నడిపినా ఇది ఎండలనే ఆగుతది. రాత్రిపూట ఒక్కసారన్న ఆగిందా?" ఆ మాటను నేను చెవిన పెట్టలేదు. తర్వాత తెలిసింది, అసలు ఆధారమంతా ఆ ఒక్క మాటలోనే ఉందని.

కాయిల్ చేసే పని

పెట్రోలు ఇంజన్‌లో గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమాన్ని సిలిండర్‌లో అదిమి, సరైన క్షణంలో నిప్పురవ్వతో అంటించాలి. స్పార్క్ ప్లగ్ కొన దగ్గర ఉండే చిన్న సందును విద్యుత్తు దూకితేనే ఆ రవ్వ పుడుతుంది. అదిమిన మిశ్రమంలో అలా దూకడానికి వేల వోల్టులు కావాలి. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ఆ 12 వోల్టులను వేలల్లోకి పెంచేదే కాయిల్. డీజిల్ ఇంజన్‌లో గాలిని బాగా అదమడం వల్ల పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. అందుకే డీజిల్ అంబాసిడర్‌లో ఈ కాయిల్ ఉండదు.

కాయిల్ లోపల ఇనుప రేకుల కడ్డీ ఉంటుంది. దాని చుట్టూ రెండు రాగి తీగల చుట్లు ఉంటాయి. లావు తీగతో రెండు, మూడు వందల చుట్లు వేస్తారు. అది ప్రైమరీ. వెంట్రుకలా సన్నని తీగతో సుమారు 20,000 చుట్లు వేస్తారు. అది సెకండరీ. పాత రకం కాయిల్ డబ్బాలో ఈ చుట్ల చుట్టూ నూనె నింపి ఉంటుంది. వేడి బయటికి పోవడానికీ, విద్యుత్తు పక్కదారి పట్టకుండా ఉండడానికీ ఆ నూనె ఉపయోగపడుతుంది.

ఇంజన్ తిరిగేటప్పుడు డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు మూసుకుంటూ, తెరుచుకుంటూ ఉంటాయి. మూసుకున్నప్పుడు ప్రైమరీలో కరెంటు పారి, అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. తెరుచుకోగానే కరెంటు తెగుతుంది, క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. ఆ వేగానికి ప్రైమరీలోనే రెండు, మూడు వందల వోల్టులు పుడతాయి. సెకండరీలో చుట్లు సుమారు నూరు రెట్లు ఎక్కువ కాబట్టి అక్కడ 20,000 వోల్టులు, అంతకు మించి కూడా రాగలవు. 12ను 100తో గుణిస్తే 1,200 మాత్రమే కదా అని అనుమానం రావచ్చు. గుణించాల్సింది బ్యాటరీ వోల్టేజిని కాదు, క్షేత్రం కూలినప్పుడు ప్రైమరీలో పుట్టిన వోల్టేజిని.

మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్తును పుట్టిస్తుందని మైఖేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. దాని ఆధారంగా, బ్యాటరీ, పాయింట్లు, కాయిల్‌తో నడిచే పద్ధతిని అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ 1910 ప్రాంతంలో కార్లకు అమర్చాడు. మన దేశంలో దశాబ్దాల పాటు నడిచిన పెట్రోలు అంబాసిడర్, పద్మిని కార్లలో పనిచేసింది ఆ పద్ధతే. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. ముంబయి టాక్సీలుగా పద్మినుల కాలం 2023 అక్టోబరుతో ముగిసింది. అయినా పాత బండ్లను ఇష్టంగా ఉంచుకున్నవారి ఇళ్ళలో ఇవి ఇంకా ఉన్నాయి. సూత్రం నేర్చుకోవడానికి వీటికి మించిన బండి లేదు, ఎందుకంటే ప్రతి భాగమూ విడిగా కంటికి కనిపిస్తుంది.

ఒక చిన్న లెక్క. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోంది అనుకుందాం. ప్రతి సిలిండర్‌కు రెండు చుట్లకు ఒక రవ్వ కావాలి. అంటే నిమిషానికి 1,500 చొప్పున నాలుగింటికి 6,000 రవ్వలు, సెకనుకు 100. ఇంజన్ మీది వేడిలో ఉంటూ కాయిల్ సెకనుకు నూరుసార్లు ఈ పని చేస్తుంది.

వేడికి ఏమవుతుంది?

తీగ లోపల ఎక్కడైనా అతుకు సడలితే, చల్లగా ఉన్నప్పుడు అది అంటుకునే ఉంటుంది. వేడికి వ్యాకోచించినప్పుడు విడిపోతుంది. చల్లారాక మళ్ళీ అంటుకుంటుంది. అలాగే తీగల మధ్య ఉండే ఇన్సులేషన్ పాతబడితే, వేడిలో విద్యుత్తు దాన్ని చీల్చుకుని లోపలే దూకేస్తుంది, ప్లగ్గు దాకా రాదు. రెండింటి లక్షణమూ ఒక్కటే: చల్లగా ఉంటే నడుస్తుంది, వేడెక్కితే ఆగుతుంది, చల్లారితే మళ్ళీ నడుస్తుంది.

కానీ ఇదే లక్షణం ఇంకో రెండింటికీ ఉంది. ఒకటి, పెట్రోలు గొట్టంలోనో పంపులోనో వేడికి పెట్రోలు ఆవిరై దారి మూసుకుపోవడం. దీన్ని వేపర్ లాక్ అంటారు. రెండోది, డిస్ట్రిబ్యూటర్‌కు ఉండే కండెన్సర్ వేడికి చెడడం. కాబట్టి లక్షణం చూసి "కాయిలే" అని తీర్పు చెప్పకూడదు. లక్షణం అనుమానాన్ని మాత్రమే ఇస్తుంది. రుజువు పరీక్ష ఇవ్వాలి.

మన ప్రాంతపు డ్రైవర్లకు తడిగుడ్డ వైద్యం తెలుసు. బండి ఆగగానే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేస్తారు. వేపర్ లాక్ అయితే అది పనిచేస్తుంది. కానీ కొందరు పంపు మీదా, కాయిల్ మీదా ఒకేసారి నీళ్ళు పోస్తారు. బండి లేస్తుంది, కారణం మాత్రం తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. పరీక్షకు మొదటి నియమం ఇదే. కాయిల్ పైన లావు వైరు దిగే చోట నీళ్ళు పడితే కొత్త తంటా వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

పరీక్షకు ముందు జాగ్రత్తలు

బండిని న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేక్ వేయాలి. పెట్రోలు కారుతున్నా, వాసన గట్టిగా వస్తున్నా రవ్వ పరీక్ష చేయకూడదు. కాయిల్ నుంచి వచ్చే లావు వైరును, అంటే హై టెన్షన్ వైరును, ఇంజన్ తిరిగేటప్పుడు చేత్తో పట్టుకోకూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు దూరంగా ఉండాలి. తిరిగే ఫ్యాను, బెల్టు దగ్గర చున్నీలు, వదులు చొక్కాలు పనికిరావు. విద్యార్థులు పెద్దవాళ్ళో, శిక్షకుడో పక్కన ఉన్నప్పుడే ఇవి చేయాలి.

పరీక్ష క్రమం

మా బండిని పరీక్షించింది ఐటీఐ చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చిన మా వీధి కుర్రాడు. డ్రైవర్‌ను మానిపించిన వారానికే నేను నడుపుతుండగా బండి ఆగింది. మర్నాడు అతణ్ణి వెంట తీసుకుని మధ్యాహ్నం ఎండలో బయలుదేరాను. అతడు అడిగిన మొదటి ప్రశ్న: "కాకా, చల్లగున్నప్పుడు ఎప్పుడన్న ఆగిందా?" లేదన్నాను. "అయితే ఆగిన జాగలనే చూడాలె. షాపుకు తీసుకపోయేవరకు సల్లారిపోతది" అన్నాడు. బండి ఆగిన మరుక్షణం పని మొదలుపెట్టాడు. అతడు చేసిన పద్ధతిని వరుసగా రాస్తున్నాను.

1. పెట్రోలా, రవ్వా? డిస్ట్రిబ్యూటర్ మూత మధ్యలో దిగే లావు వైరును లాగి, దానికి ఒక విడి ప్లగ్గు తగిలించాలి. ప్లగ్గు లోహభాగం ఇంజన్‌కు గట్టిగా ఆనేలా, కార్బొరేటర్‌కు దూరంగా పెట్టాలి. ఒకరు తాళం తిప్పితే ఇంకొకరు చూడాలి. నీలం తెలుపు రంగులో చటచటమని రవ్వ వస్తే కాయిల్ ఆ క్షణానికి పనిచేస్తున్నట్టే. అప్పుడు లోపం అక్కడి నుంచి ప్లగ్గుల వరకు, అంటే మూత, రోటర్, ప్లగ్గు వైర్లు, ప్లగ్గులలో ఉండాలి. అవీ బాగుంటే పెట్రోలు వైపు చూడాలి. రవ్వ లేకపోతేనో, పసుపుగా నీరసంగా ఉంటేనో కాయిల్ వైపు వెనక్కి రావాలి. మా బండిలో రవ్వ లేదు. ఈ ఒక్క పరీక్షతో కిరోసిన్ కథ అక్కడే ముగిసింది.

2. కాయిల్‌కు కరెంటు అందుతోందా? మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ స్కేలులో పెట్టి, నల్ల వైరు ఇంజన్ బాడీకి, ఎర్ర వైరు కాయిల్ ప్లస్ టెర్మినల్‌కు ఆనించి, తాళం ఆన్ చేయాలి. 12కు దగ్గరగా చూపాలి. ఏమీ లేకపోతే తాళం స్విచ్, వైర్లు చూడాలి, కాయిల్ జోలికి పోనక్కర్లేదు. కొన్ని బండ్లలో కాయిల్‌కు ముందు బ్యాలస్ట్ అనే రెసిస్టర్ ఉంటుంది. అలాంటి వాటిలో పాయింట్లు మూసి ఉన్నప్పుడు వోల్టేజి తక్కువగా చూపడం సహజం. మా బండిలో 12 వచ్చింది.

3. కరెంటు కాయిల్‌ను దాటి వస్తోందా? ఇప్పుడు ఎర్ర వైరును మైనస్ టెర్మినల్‌కు ఆనించాలి. పాయింట్లు మూసి ఉంటే సున్నా దగ్గర, తెరిచి ఉంటే 12 దగ్గర చూపాలి. మీటరుకు బదులు 12 వోల్టుల చిన్న బల్బును మైనస్‌కూ బాడీకీ మధ్య పెడితే, ఇంజన్ తిప్పుతున్నప్పుడు అది వెలుగుతూ ఆరుతూ ఉండాలి. వెలిగి అలాగే ఉండిపోతే పాయింట్లు మూసుకోవడం లేదు, లేదా వాటికి పోయే వైరు తెగింది. అసలు వెలగకపోతే రెండు కారణాలు: పాయింట్లో, కండెన్సరో బాడీకి కలిసిపోయి ఉండాలి, లేదా కాయిల్ ప్రైమరీ తెగి ఉండాలి.

4. ఆ రెండింటిలో ఏది? డిస్ట్రిబ్యూటర్‌కు పోయే సన్న వైరును మైనస్ టెర్మినల్ నుంచి విప్పేసి, తాళం ఆన్‌లో పెట్టి అక్కడ మళ్ళీ కొలవాలి. 12 వస్తే ప్రైమరీ తెగలేదు, తప్పు డిస్ట్రిబ్యూటర్ వైపుది. ఇప్పటికీ సున్నా అయితే కరెంటు కాయిల్ లోపలే ఆగిపోతోంది. మా బండిలో ప్లస్ దగ్గర 12, మైనస్ దగ్గర సున్నా. కుర్రాడు తలెత్తి "కాయిలే కాకా" అన్నాడు. అంతవరకు అతడు ఆ మాట అనలేదు.

5. ఓములలో కొలవడం. తాళం ఆఫ్ చేసి, కాయిల్ వైర్లన్నీ విప్పాలి. ముందు మీటరు రెండు కొనలూ ఒకదానికొకటి ఆనించి చూస్తే 0.2, 0.3 అని చూపుతుంది. అది మీటరు వైర్ల రెసిస్టెన్స్, దాన్ని ప్రైమరీ కొలతలోంచి తీసేయాలి. ప్లస్‌కు, మైనస్‌కు మధ్య, బ్యాలస్ట్ లేని పాయింట్ల కాయిల్‌లో సుమారు 3 ఓములు రావాలి. బ్యాలస్ట్‌తో వాడే కాయిల్‌లో అందులో సగం వరకు ఉంటుంది. తర్వాత స్కేలు 20 కిలో ఓములకు మార్చి, లావు వైరు దిగే రంధ్రానికీ మైనస్‌కూ మధ్య కొలిస్తే 6,000 నుంచి 15,000 ఓముల మధ్య, తయారీని బట్టి ఉంటుంది. ఆ కాయిల్‌కు తయారీదారు చెప్పిన అంకె దొరికితే దాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. చివరగా టెర్మినల్‌కూ బయటి డబ్బాకూ మధ్య ఏ కలయికా ఉండకూడదు. మీటరులో ఎడమ పక్క "1" నిలిస్తే దారి తెగి ఉందని అర్థం.

మా కాయిల్ వేడిగా ఉన్నప్పుడు ప్రైమరీ "1" చూపింది. అరగంట చెట్టు కింద పెట్టి మళ్ళీ కొలిస్తే, మీటరు వైర్లది తీసేశాక 3.1 ఓములు. నిక్షేపంగా ఉంది. షాపులో "బాగానే ఉంది" అనడంలో అబద్ధం లేదు. వాళ్ళు కొలిచింది చల్లారిన కాయిల్‌ను. వేడిలో వచ్చే జబ్బును వేడిలోనే చూడాలి.

వేడి కొలతలో ఒక మెలకువ

రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ కొంత పెరగడం సహజం. ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 3.0 ఓములున్న కాయిల్ 85 డిగ్రీల దగ్గర, అంటే 60 డిగ్రీలు పెరిగాక, 24 శాతం పెరిగి 3.7 వరకు చూపుతుంది. అది లోపం కాదు. ఈ లెక్క తెలియకపోతే మంచి కాయిల్‌ను పారేస్తాం.

మీటరు చెప్పలేనిది

మీటరు ఓములు కొలిచేటప్పుడు వాడేది కొద్ది వోల్టులే. కాయిల్ పనిచేసేది వేల వోల్టులతో. ఇన్సులేషన్ 20,000 వోల్టుల దగ్గర చీలుతుంటే, ఆ సంగతి మీటరుకు తెలియదు. కాబట్టి చెడ్డ కొలత వస్తే కాయిల్ చెడిందని చెప్పవచ్చు. మంచి కొలత వస్తే కాయిల్ మంచిదని చెప్పడానికి వీల్లేదు. కాయిల్ మూతి దగ్గర పగుళ్ళు, నల్లని గీతలు, నూనె కారిన జాడ ఉన్నాయేమో కంటితో చూడాలి. అవీ లేకుండా అనుమానం మిగిలితే ముందు కండెన్సర్ మార్చి చూడాలి, అది చవక. అప్పటికీ తగ్గకపోతే, అదే రెసిస్టెన్స్ ఉన్న, పనిచేస్తుందని తెలిసిన కాయిల్‌ను పెట్టి, అదే దారిలో అదే ఎండలో నడపాలి. ఆగకపోతే పాత కాయిల్‌ను తిరిగి పెట్టి ఇంకోసారి చూడాలి. మళ్ళీ ఆగితే అప్పుడు రుజువైనట్టు.

కామర్స్ విద్యార్థులకు ఇక్కడే నా మాట. అంకణా తేడా వస్తే లెక్కల్లో తప్పుందని ఖాయం. అంకణా సరిపోయినంత మాత్రాన తప్పు లేదని కాదు. సరిపెట్టే తప్పులు, పూర్తిగా రాయడం మరచిన పద్దులు అంకణాలో కనబడవు. చల్లని కాయిల్ 3.1 ఓములు చూపినట్టే, అంకణా కూడా నిక్షేపంగా కనబడుతుంది. ఇంకొక పోలిక కూడా ఉంది. తేడా దొరక్కపోతే దాన్ని అనామతు ఖాతాలో వేసి పని ముందుకు నడుపుతాం. కానీ అనామతు ఖాతా జవాబు కాదు, వెతుకులాట బాకీ ఉందన్న గుర్తు. నేను ఆ వేసవిలో చేసింది ఏమిటంటే, తేడాను అనామతులో కూడా వేయకుండా, నేరుగా ఒక మనిషి ఖాతాలో ఖర్చు రాశాను. బ్యాంకులో సాయంత్రం నగదు తక్కువ వస్తే, ఓచర్లన్నీ తిరగేయకుండా ఏ ఉద్యోగి పేరూ ఎత్తకూడదని నాకు తెలుసు. కౌంటరు ముందు పాటించిన నియమాన్ని ఇంటి ముందు పాటించలేదు.

కాయిల్ ఎందుకు చెడుతుంది?

ఇంజన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో వదిలేయడం ఒక ముఖ్య కారణం. పాయింట్లు మూసి ఉన్న చోట ఇంజన్ ఆగితే, 12 వోల్టులు, 3 ఓములు, అంటే 4 ఆంపియర్ల కరెంటు ఆగకుండా పారుతుంది. 12ను 4తో గుణిస్తే 48 వాట్లు. ఇంట్లో వాడే మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దానికి దాదాపు రెండు రెట్ల వేడి ఆ చిన్న డబ్బాలో పుడుతుంటుంది. రెండో కారణం, బ్యాలస్ట్‌తో వాడాల్సిన కాయిల్‌ను బ్యాలస్ట్ లేని బండికి బిగించడం. మూడోది, అరిగిపోయి సందు పెరిగిన ప్లగ్గులను, తెగిన ప్లగ్గు వైర్లను అలాగే వాడడం. దూకడానికి దారి కష్టమైనప్పుడు వోల్టేజి ఇంకా పెరిగి, కాయిల్ లోపలి ఇన్సులేషన్ మీద పడుతుంది.

కొత్త తరం కార్ల గురించి ఒక హెచ్చరిక. వాటిలో పాయింట్లు లేవు. కంప్యూటరు పెట్టె ఆజ్ఞతో పనిచేసే కాయిళ్ళు, చాలా బండ్లలో ప్లగ్గుకొకటి చొప్పున ఉంటాయి. అక్కడ పైన చెప్పినట్టు వైర్లు విప్పి రవ్వ చూడబోతే ఖరీదైన భాగాలు పాడవుతాయి. వాటికి స్కానరు, తయారీదారు సూచనలు కావాలి. కానీ వేడిగా ఉన్నప్పుడే చూడడం, ఒకసారికి ఒక్కటే మార్చడం, కొలిచాకే పేరు చెప్పడం అక్కడా మారవు.

అభ్యాసం

1. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుంటే సెకనుకు ఎన్ని రవ్వలు కావాలి?

2. 25 డిగ్రీల దగ్గర 3.0 ఓములున్న ప్రైమరీ, 75 డిగ్రీల దగ్గర 3.6 చూపింది. కాయిల్ మార్చాలా?

3. ప్లస్ దగ్గర 12 వోల్టులు ఉన్నాయి. మైనస్ దగ్గర పెట్టిన బల్బు ఇంజన్ తిప్పుతున్నంతసేపూ ఆరకుండా వెలుగుతోంది. ఎక్కడ వెతకాలి?

4. అంకణాలో తేడా 63 రూపాయలు. మొదట ఏ రకం తప్పు కోసం వెతుకుతారు?

జవాబులు: 1) 80. 2) అక్కర్లేదు, 50 డిగ్రీలకు 20 శాతం పెరగడం సహజం. 3) పాయింట్లలో, వాటికి పోయే వైరులో. 4) 63ను 9తో నిశ్శేషంగా భాగించవచ్చు కాబట్టి, 81ని 18గా రాసినట్టు అంకెలు తారుమారై ఉండవచ్చు. అయితే ఇదీ అనుమానమే, పద్దు దొరికితేనే రుజువు.

చివరి మాట

కొత్త కాయిల్‌కు నాలుగు వందలలోపే అయింది. బిగించడానికి పావుగంట పట్టింది. ఆ డ్రైవర్ ఇంటికి వెళ్ళడానికి మాత్రం నాకు పది రోజులు పట్టింది. వెళ్ళేసరికి అతడు తునికాకు సీజన్ కదా, ఒక లారీ మీద పనికి కుదిరి వెళ్ళిపోయాడు. వాళ్ళ నాన్న నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. జరిగింది చెప్పాను, నా తప్పే అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మాకు తెలుసు సార్, వాడు తియ్యలేదని. పేటల నలుగురికి తెల్వాలె, అంతే" అన్నాడు. ఆ ఆదివారమే పేటలో పెద్దల ముందు ఆ మాట చెప్పాను. అతడు తిరిగి నా బండి ఎక్కలేదు. అడిగే మొహం నాకూ లేకపోయింది.

తల్లిదండ్రులకు ఒక మనవి. మన పిల్లలకు పదవ తరగతి తర్వాత ఐటీఐ అంటే చిన్నచూపు వద్దు. ఆ రోజు బి.కాం. చదివిన నేను చెప్పలేనిది, షాపులో మూడుసార్లు దొరకనిది, ఒక మీటరూ వరుస తప్పని నాలుగు ప్రశ్నలూ ఉన్న కుర్రాడు అడవి దారిలో అరగంటలో తేల్చాడు. అతడు నా డబ్బు కాపాడాడు, అంతకంటే ముందు ఇంకొకరి పేరు కాపాడాడు. విద్యార్థులారా, మీ చేతికి రేపు మీటరు రావచ్చు, ఆవర్జా రావచ్చు, ఆసుపత్రిలో రోగి చీటీ రావచ్చు. కొలిచిన తర్వాతే పేరు చెప్పండి.